ముందు మనిషి, తరువాత కవరు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం, జూన్ ఒకటవ తేదీ, సోమవారం ఉదయం మా ఆసుపత్రి పిల్లల శ్వాసకోశ విభాగంలో సహాయ వైద్యురాలిగా ఒక యువతి విధుల్లో చేరారు. ఆ రోజు ఆమెకు కేటాయించిన గదిలో ఒక బల్ల, ఒక కాలు కుంటిదైన కుర్చీ, అంతకుముందెవరో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పి వదిలేసిన నల్లబల్ల మాత్రమే ఉండేవట. కుర్చీ మార్పించమని అడగడానికి పరిపాలనా కార్యాలయానికి వెళ్ళిన ఆమె, అక్కడి సూపరింటెండెంటు గారి దగ్గు విని, ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, మందు రాసిచ్చి, వెళ్ళిన పని మరిచిపోయి తిరిగి వచ్చారని పాత ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన దగ్గు తగ్గింది గానీ ఈవిడ కుర్చీ మాత్రం చాలాకాలం మారలేదు. అలా ఆరంభమైన సుదీర్ఘ సేవాప్రస్థానం ఈ నెలాఖరుతో సంపూర్ణం కానున్న తరుణంలో, ఈ అభినందన సంచికలో ఆవిడ గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కడం సంతోషదాయకం.

వృత్తిరీత్యా ఆవిడకు ఎన్ని బిరుదులున్నా, రోగుల కుటుంబాలకు మాత్రం 'ఉప్పు డాక్టరమ్మ' గారే. ఆ పేరు వెనుక ఒక వ్యాధి ఉంది. కణాల గోడల్లో ఉప్పునూ నీటినీ అటూ ఇటూ పంపే ఒక సూక్ష్మద్వారం పుట్టుకతోనే సరిగా పనిచేయకపోతే, ఊపిరితిత్తుల్లోని తడి చిక్కబడి జిగురవుతుంది, ఆహారాన్ని అరిగించే క్లోమగ్రంథి నాళాలు పూడుకుపోతాయి, చెమటలో ఉప్పు పేరుకుంటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని వైద్యశాస్త్రం పిలిచే ఈ వ్యాధిని మా దగ్గరికి వచ్చే తల్లులు వేరే విధంగా చెప్పేవారు. "బిడ్డని ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటోందమ్మా" అని ఒక తల్లి అంటే, పక్కనున్నవాళ్ళు నవ్వేవారు. ఆవిడ నవ్వేవారు కాదు. వెంటనే చంటిబిడ్డ ముంజేతికి చిన్న పట్టీ కట్టించి, చెమట పట్టించి, ఆ చెమటలో ఉప్పెంతో చూడమని పంపించేవారు. పెద్ద పెద్ద డాక్టర్లు న్యుమోనియా అనీ, ఆస్తమా అనీ ఏళ్ళ తరబడి తిప్పిన పిల్లలకు అసలు సంగతి తేలింది ఆ పట్టీతోనే. ఆవిడ భర్త, గణితం బోధించే ఉపాధ్యాయులు, ఒకసారి మా సభలో ఇలా మొరపెట్టుకున్నారు: "రోజంతా ఊళ్ళో వాళ్ళ ఉప్పు చూస్తుందండీ. ఇంటికొచ్చాక వంటలో ఉప్పు చూడవే అంటే, డ్యూటీ అయిపోయింది అంటుంది." సభంతా నవ్వింది. ఆవిడ మాత్రం, "ఉన్నమాటేగా" అని ఊరుకున్నారు.

ఆవిడ చేరిన నాలుగేళ్ళకు ఆసుపత్రి పై అంతస్తులో జన్యు పరీక్షల ప్రయోగశాల వెలిసింది. దానితోపాటు నేనూ వెలిశాను. యువకుణ్ణి, కొత్త కోటు, కొత్త యంత్రం, కాలు నేల మీద నిలవని ఉత్సాహం. పిల్లల రక్తపు చుక్కలోంచి ఆ సూక్ష్మద్వారాన్ని తయారుచేసే జన్యువును వెలికితీసి, తల్లి నుంచి ఏ మార్పు వచ్చింది, తండ్రి నుంచి ఏ మార్పు వచ్చింది అని తేల్చి, గోధుమరంగు కవర్లో పెట్టి అతికించి కిందికి పంపడం నా పని. నేను పంపిన మొట్టమొదటి కవరు సంగతి ఏమైందో కనుక్కుందామని ముచ్చటపడి కిందికి దిగితే, అది విప్పకుండానే ఆవిడ బల్ల సొరుగులో పడి ఉంది! నా మొహం మాడిపోయింది.

"మేడమ్, రిపోర్టు చూడలేదా?" అన్నాను.

"పిల్లాణ్ణి ఇంకా చూడలేదు కదయ్యా."

"రిపోర్టు చూస్తే పిల్లాడి సంగతి తెలుస్తుంది కదా!"

"పిల్లాణ్ణి చూస్తే పిల్లాడి సంగతి తెలుస్తుంది. రిపోర్టు చూస్తే నువ్వు బాగా చదువుకున్నావని తెలుస్తుంది. కూర్చో."

ఆ రోజు నుంచి నేను ఆవిడ నోట 'పై అంతస్తు'ను అయ్యాను. "ఏమంటోంది పై అంతస్తు?" అని ఫోను చేసేవారు. "పై అంతస్తుకి ఇవాళ ముక్కు మీద కోపం ఉంది, జాగ్రత్త" అని నర్సుకు చెప్పేవారు. ఈ పేరు ఎంతగా స్థిరపడిందంటే, నా పెళ్ళికి వచ్చినప్పుడు నా భార్యకు కూడా అదే పేరుతో నన్ను పరిచయం చేశారు. మా ఇంట్లో ఇప్పటికీ కోపమొస్తే ఆ పేరే వినిపిస్తుంది.

కవరు విషయంలో ఆవిడ పాటించిన నియమాన్ని ఇక్కడ వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఆవిడ యావజ్జీవిత బోధన అందులోనే ఇమిడి ఉంది. కొత్త బిడ్డ వచ్చినప్పుడు ముందు తానే పరీక్షించేవారు. ఊపిరి విని, పొట్ట తడిమి, తల్లితో మాట్లాడి, తరువాత నర్సునూ, ఫిజియోథెరపిస్టునూ, ఆహార నిపుణురాలినీ పిలిచేవారు. నా కవరును బల్ల మీద పెట్టి, "విప్పకముందు చెప్పండి. క్లోమం పనిచేస్తోందా? ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? లోపలున్న మార్పు గట్టిదా, మెత్తనిదా?" అని అడిగేవారు. అందరి ఊహలూ నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవారు. అప్పుడు కవరు విప్పేవారు. కొంతకాలం తరువాత నాకు కూడా ఆ గదిలో చోటు దొరికింది, కానీ నన్ను ఊహించనిచ్చేవారు కాదు. "నువ్వు కాపీ కొట్టేశావు" అనేవారు.

ఆ నల్లబల్ల మీద ఏళ్ళ తరబడి ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ రుజువవుతూ వచ్చింది. సూక్ష్మద్వారం అసలు తయారే కాని గట్టి మార్పులు రెండు వైపుల నుంచీ వచ్చిన పిల్లల్లో క్లోమం చిన్నప్పుడే చేతులెత్తేస్తుంది. వాళ్ళకు అన్నం ముద్దతోపాటు అరుగుదల మాత్రలు కావాలి. ద్వారం సగమైనా తెరుచుకునే మెత్తని మార్పు ఒకటి ఉన్నా చాలు, క్లోమం చాలామందిలో నిలబడుతుంది. ఇందులో ఊహలు దాదాపుగా తప్పేవి కావు. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా లెక్కలన్నీ తారుమారయ్యేవి. ఒకే రకం మార్పులున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మెట్లన్నీ పరుగెత్తుకుంటూ ఎక్కి వచ్చేవారు, మరొకరు మొదటి మలుపులోనే గోడ పట్టుకుని ఆగిపోయేవారు. ఆ ఒక్క జన్యువే కాదు, దాని చుట్టూ ఉన్న ఇతర జన్యువులూ, ఏ క్రిమి ఏ వయసులో సోకింది, ఇంట్లో పొగ ఉందా లేదా, తిండి ఒంటపట్టిందా లేదా అన్నవీ, ఇవన్నీ పోను ఇంకా మనకు తెలియనిదేదో కూడా కలిసి ఆ తేడా తెస్తాయని శాస్త్రం చెబుతుంది. ఆవిడ దాన్ని తనదైన పద్ధతిలో చెప్పేవారు: "అరుగుదల గురించి అడిగితే పై అంతస్తు కుండ బద్దలు కొట్టినట్టు చెబుతుంది. ఊపిరి గురించి అడిగితే నీళ్ళు నములుతుంది." నేను ఉడుక్కునేవాణ్ణి. ఆవిడ మాట నిజం కావడం వల్ల మరీ ఉడుక్కునేవాణ్ణి.

ఇక తల్లిదండ్రులు అడిగే ఒక ప్రశ్న ఉంది. గొంతు తగ్గించి, బిడ్డను బయట వరండాలో కూర్చోబెట్టి వచ్చి మరీ అడిగే ప్రశ్న. "ఎన్నాళ్ళు డాక్టరమ్మా?" పుస్తకాల్లో సగటులున్నాయి, పట్టికలున్నాయి. ఆవిడకు అవన్నీ కంఠతా వచ్చు. అయినా ఏ తల్లికీ ఒక అంకె చెప్పగా నేను వినలేదు. "ఆ జవాబున్న కవరు ఇంకా ఎవరూ పంపలేదమ్మా. పంపితే మీకంటే ముందు నేను విప్పను" అనేవారు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నాలాంటివాడి చేతిలో కాగితం చూస్తే దానికి అన్నీ తెలుసని జనం నమ్ముతారని, ఆ నమ్మకం ఒక్కోసారి మనిషిని బతికుండగానే కుంగదీస్తుందని ఆవిడకు బాగా తెలుసు.

కాలక్రమంలో ఆవిడ సహాచార్యులుగా, ఆచార్యులుగా, విభాగాధిపతిగా పదోన్నతులు పొందారు. విభాగం రెండు గదుల నుంచి ఒక అంతస్తుగా విస్తరించింది. క్రిములు ఒకరి నుంచి ఒకరికి అంటకుండా ప్రతి బిడ్డకూ వేరే గది, వేరే వేళ అనే పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, గదులెక్కడివని యాజమాన్యం గొడవ చేస్తే, తన సొంత గదిని ఖాళీ చేసి, వరండా చివర మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చున్నారు. నల్లబల్లను మాత్రం వెంట తీసుకెళ్ళారు. విభాగాధిపతి మెట్ల కింద కూర్చోవడం చూడలేక యాజమాన్యమే దిగివచ్చి గదులు కట్టించింది. దీన్ని కొందరు త్యాగమన్నారు, కొందరు మొండితనమన్నారు. ఆవిడను దగ్గరగా ఎరిగినవాడిగా అది రెండోదేనని, అదే మాకు మేలు చేసిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఈ సంచికకు వ్యాసం రాస్తానని చెప్పినప్పుడు ఆవిడ ఒక షరతు పెట్టారు. "నువ్వు నన్ను ఆకాశానికెత్తేస్తావని తెలుసు. ఎత్తు, నేనేమీ అనను. కానీ నేను చేసిన తప్పు కూడా ఒకటి రాయాలి. లేకపోతే ఆ పుస్తకం నేను ఇంటికి తీసుకెళ్ళను." ఏ తప్పు రాయాలో కూడా తానే చెప్పారు. దాన్ని ఆవిడ ఆజ్ఞగా, ఆ కుటుంబం అనుమతితో ఇక్కడ రాస్తున్నాను.

మా దగ్గరికి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చేవారు. తండ్రి బస్సు డ్రైవరు, తల్లి ఇంట్లోనే కుట్టు మిషను మీద పిల్లల యూనిఫారాలు కుట్టేది. పెద్దమ్మాయికి వ్యాధి తేలాక చిన్నమ్మాయికి కూడా పరీక్ష చేస్తే ఆమెకూ ఉందని తేలింది. ఇద్దరికీ తల్లి నుంచి వచ్చినదీ ఒకటే మార్పు, తండ్రి నుంచి వచ్చినదీ ఒకటే మార్పు. తల్లి రోజూ పొద్దునా సాయంత్రమూ ఇద్దర్నీ ఏటవాలు మంచం మీద పడుకోబెట్టి, అరచేతిని దొప్పలా వంచి వీపుల మీద తడుతూ కళ్ళె కదిలించేది. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే మందులు, ఒకే తల్లి చేతులు. అయినా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఊపిరి తరుగుతూ వచ్చింది. చిన్నమ్మాయి బడి పరుగుపందేల్లో కప్పులు తెచ్చుకునేది.

ఒక రోజు ఊపిరి ఊదే పరీక్షలో పెద్దమ్మాయి అంకె మళ్ళీ పడిపోయింది. ఆవిడ కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి, విసుగ్గా అన్నారు:

"ఇద్దరిదీ ఒకటే జన్యువు కదా తల్లీ. అదే మందు, అదే ఇల్లు. మరి నీకే ఎందుకు తగ్గుతోంది? కాస్త చెల్లెల్ని చూసి నేర్చుకో."

అంతే. కోపంగా కూడా అనలేదు. వైద్యులు రోజుకు పదిసార్లు అనే మాట అది. కానీ గమనించండి, మా వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప మరొకరు చేయలేని తప్పది. జన్యువు ఒకటే అని తెలిసింది గనుక, తేడాకు కారణం ఆ పిల్లే అయి ఉండాలని తేల్చేశారు. ఊపిరి గురించి నా కవరు నీళ్ళు నములుతుందని అన్నేళ్ళు నన్ను ఆటపట్టించిన మనిషి, ఆ ఒక్క రోజు కవరును పూర్తిగా నమ్మారు.

తరువాతి నెల తల్లి చిన్నమ్మాయిని మాత్రమే తీసుకొచ్చింది.

"పెద్దది ఏదమ్మా?"

తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "రానంటోంది డాక్టరమ్మా. వీపు కూడా తట్టించుకోవట్లేదు. మందులు పక్కన పెట్టేసింది. మా అత్తగారు కూడా రోజూ అదే పాట, చెల్లి చెప్పిన మాట వింటుంది, నువ్వే మొండి అని. ఏమంటోందో తెలుసా? 'ఎంత చేసినా తప్పు నాదే అంటున్నారు కదా, చేయకుండానే ఆ పేరు తెచ్చుకుంటాను' అంటోంది."

ఆవిడ చిన్నమ్మాయిని పరీక్షించి, మందులు రాసి, మధ్యాహ్నానికి పై అంతస్తుకు వచ్చారు. ఆవిడ మెట్లెక్కి నా దగ్గరికి రావడం అపూర్వం. ఎప్పుడూ ఫోనే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ ఇద్దరి రిపోర్టులు మళ్ళీ చూడు. ఎక్కడైనా తేడా ఉందేమో చూడు."

నేను మళ్ళీ చేశాను, మొదటి నుంచి. రెండు రోజుల తరువాత మళ్ళీ ఆవిడే పైకి వచ్చారు.

"ఈ జన్యువులో ఏ తేడా లేదు మేడమ్. మిగతా జన్యువుల్లో ఉండొచ్చు. తోడబుట్టినవాళ్ళే అయినా మిగతావాటిలో సగమే కలుస్తాయి. ఏవి కలిశాయో, ఏవి లేదో, వాటిలో ఊపిరిని దెబ్బతీసేవి ఏవో నేను చెప్పలేను. చెప్పగలిగిన వాళ్ళు ఇంకా ఎవరూ లేరు."

"అంటే తేడా ఎక్కడుందో నీ కవర్లో లేదు."

"లేదు."

"ఆ పిల్లలో ఉందని నేను అన్నాను."

"అది మీ స్టెతస్కోపులో కూడా లేదు కదా మేడమ్" అన్నాను.

ఆవిడ తల ఊపారు. "ఆదివారం ఖాళీగా ఉన్నావా? నాతో రా. రిపోర్టులు పట్టుకుని రా" అన్నారు.

ఆ ఇల్లు బస్సు డిపో వెనక వీధిలో మేడ మీద ఉండేది. ముందు గది సగం కుట్టు మిషనూ, సగం నీలిరంగు గుడ్డల కట్టలూ. లోపలి గదిలో రెండు మంచాలు, కాళ్ళ వైపు చెక్కలు పెట్టి ఎత్తు చేసి, పక్కపక్కనే. ఒకదాని మీద పక్కబట్టలు నలిగి ఉన్నాయి, రెండోదాని మీద నున్నగా పరిచి ఉన్నాయి. నున్నగా ఉన్నది పెద్దమ్మాయిది. ఆ పిల్ల ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. మమ్మల్ని చూసి తల కూడా ఎత్తలేదు. నడుమ నడుమ దగ్గుతోంది, దగ్గినప్పుడల్లా సూది ఆపి మళ్ళీ కుడుతోంది.

డాక్టరమ్మ గారు కుర్చీ వద్దని ఆ పిల్ల ఎదురుగా గుడ్డల కట్ట మీద కూర్చున్నారు. నా చేతిలోంచి రెండు రిపోర్టులూ తీసుకుని, పేర్లున్న పై అంచు వెనక్కి మడిచి, ఆ పిల్ల ఒళ్ళో పెట్టారు.

"ఇందులో నీదేదో చెల్లిదేదో చెప్పు."

ఆ పిల్ల చూడకూడదనుకుంటూనే చూసింది. ఒకటి చూసింది, రెండోది చూసింది, మళ్ళీ మొదటిది చూసింది. "రెండూ ఒకటేగా" అంది చివరికి.

"కదా? ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్న ఇతను కూడా చెప్పలేడు. నేనూ చెప్పలేను. నీకు ఊపిరి ఎందుకు తగ్గుతోందో, చెల్లికి ఎందుకు తగ్గట్లేదో ఈ కాగితంలో లేదు. ఉందనుకుని, లేనిది నీ మీద పెట్టాను. చెల్లెల్ని చూసి నేర్చుకో అన్నాను. ఆ మాట తప్పు. తప్పు నాది, నీది కాదు. మీ అమ్మ ముందు, నాన్న ముందు, నాయనమ్మ ముందు చెబుతున్నాను."

తండ్రి గుమ్మం దగ్గర యూనిఫారంలోనే నిలబడ్డాడు. అప్పుడు నాయనమ్మ నెమ్మదిగా అడిగింది: "అయితే దీని తప్పేమీ లేదంటావా అమ్మా?"

"లేదు పెద్దమ్మా. కారణం తెలియనప్పుడు దగ్గరున్నవాళ్ళ మీద పెట్టేస్తాం మనం. నాకూ తెలియలేదు, అందుకే పెట్టేశాను."

అప్పటిదాకా తలుపు వెనక దాక్కున్న చిన్నమ్మాయి ఉన్నట్టుండి ముందుకొచ్చింది. "అక్క నాకంటే ఎక్కువే చేస్తుంది డాక్టరమ్మా. నేనే అప్పుడప్పుడు ఎగ్గొడతాను. గ్రౌండుకి ఆలస్యమవుతుందని అమ్మకి అయిపోయిందని చెప్పేస్తాను" అంది. తల్లి గిరుక్కున వెనక్కి తిరిగింది. "నీ సంగతి తరువాత చూస్తాను!" అంది. పెద్దమ్మాయి నవ్వింది. దగ్గు, నవ్వు కలిసి వచ్చాయి. చాలాసేపు దగ్గింది. డాక్టరమ్మ గారు లేచి ఆ పిల్ల వీపు మీద చేయి పెట్టి, దగ్గు ఆగేదాకా తీయలేదు.

"మళ్ళీ చేస్తే దగ్గు తగ్గుతుందా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎంత తగ్గుతుందో చెప్పలేను నాన్నా. చేయకపోతే మాత్రం పెరుగుతుంది. అది చెప్పగలను."

"ఎన్నాళ్ళు?"

ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడగ్గా విన్నాను గానీ ఒక పిల్ల తన గురించి తానే అడగడం అదే మొదటిసారి విన్నాను. తండ్రి తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ జవాబున్న కవరు ఇంకా ఎవరూ పంపలేదు."

"మరి వచ్చేదాకా?"

"వచ్చేదాకా నువ్వు రా. నేనూ వస్తాను."

ఆ పిల్ల సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. మేము మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి, పైనుంచి కిటికీలోంచి వీపు తడుతున్న చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ గారు అక్కడే ఆగి కాసేపు విన్నారు. తరువాత నడిచారు.

మరుసటి నెల ఆ పిల్ల వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "తప్పు నాది కాదు కదా?" అని అడిగి మరీ లోపలికి అడుగుపెట్టింది. ఆ రోజే ఆవిడ నల్లబల్ల పై అంచున 'ఈ గదిలో ఇద్దర్ని పోల్చరాదు' అని పెద్ద అక్షరాలతో రాశారు. కింద రాసినవన్నీ తుడిచినా ఆ వాక్యాన్ని ఎవరూ తుడవలేదు, చెరిగిపోతే మళ్ళీ దిద్దారు. ఆ వాక్యం మా అందరికీ ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. పాలనాధికారి గారొకసారి మా విభాగాన్ని ఎముకల విభాగంతో పోల్చి పని సరిగా జరగడం లేదని మందలించబోతే, మా పెద్ద నర్సు గారు మాట్లాడకుండా వేలితో నల్లబల్ల వైపు చూపించారు.

ఆ తరువాతి సంవత్సరాల గురించి సంక్షిప్తంగా చెబుతాను. ఆవిడ శిక్షణలో తయారైన వైద్యులు ఇప్పుడు ఎన్నో ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు, వాళ్ళలో చాలామంది కవరు విప్పకముందు సుద్దముక్క పట్టుకుంటారు. ఇటీవలి కాలంలో ఆ సూక్ష్మద్వారాన్నే సరిచేసే మందులు వచ్చాయి. అవి అన్ని మార్పులకూ పనిచేయవు, ఏ మార్పుకు ఏ మందో కవరు చూసే చెప్పాలి. అన్నేళ్ళకు నా ప్రయోగశాలకు ప్రాణం లేచొచ్చింది. "మొత్తానికి పై అంతస్తు నీళ్ళు నమలడం మానేసింది" అని ఆవిడే అన్నారు. అక్కచెల్లెళ్ళిద్దరికీ మార్పులు ఒకటే గనుక ఇద్దరికీ ఒకే మందు సరిపోయింది. పెద్దమ్మాయి ఊపిరితిత్తుల్లో అప్పటికే పడిన మచ్చలు పోలేదు, పోవు కూడా. కానీ తరుగుదల ఆగింది. ఇప్పుడు ఆమె డిపో వెనక వీధిలో సొంతంగా కుట్టు దుకాణం నడుపుతున్నారు. చిన్నమ్మాయి ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. వీపు తట్టించుకోవడం ఇప్పటికీ ఎగ్గొడుతుందని అక్కగారి ఫిర్యాదు.

గత వారం ఆవిడ చివరి క్లినిక్కు జరిగింది. ఆఖరున వచ్చింది ఆ పెద్దమ్మాయే. ఊపిరి పరీక్ష అయింది, మందులు రాయడం అయింది. ఆమె సంచిలోంచి ఒక తెల్లకోటు తీసి ఇచ్చారు. డాక్టరమ్మ గారి కోటు జేబులు ఎప్పుడూ కవర్లు కుక్కడం వల్ల చినిగిపోతుండేవి, వాటిని ఎన్నోసార్లు కుట్టి ఇచ్చింది ఆమే. ఈ కోటుకు మాత్రం అసలు జేబులే లేవు. "ఇక కవర్లు మొయ్యక్కర్లేదుగా" అన్నారు ఆమె. ఆవిడ ఆ కోటును తిప్పి తిప్పి చూసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని, "రేపటి నుంచి ఏం చేస్తానో, మిమ్మల్నందర్నీ ఎప్పుడు చూస్తానో, ఇంకెన్నాళ్ళుంటానో" అన్నారు.

ఆ అమ్మాయి లేచి వెళ్ళి ఆవిడ వీపు మీద చేయి పెట్టారు.

"ఆ జవాబున్న కవరు ఇంకా ఎవరూ పంపలేదు డాక్టరమ్మా" అన్నారు. "వచ్చేదాకా మీరు రండి. నేనూ వస్తాను."

మేడమ్, మీరు చెప్పమన్న తప్పు రాశాను, కాబట్టి ఈ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళక తప్పదు. మీ శేషజీవితం ఆయురారోగ్యాలతో, మీ మాస్టారి నవ్వుతో, సరిపడా ఉప్పుతో సాగాలని మీ సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఎన్నాళ్ళని అడగను. అలాంటి కవరు మా పై అంతస్తు నుంచి మాత్రం ఎన్నటికీ కిందికి రాదని మాట ఇస్తున్నాను.